1/48 సీ హారియర్ ఎఫ్ఆర్ఎస్ 51: ఐదు చక్రాలూ నేలకు ఆనాలంటే (ప్రాజెక్టు డైరీ)

భారత నౌకాదళంలో 300 స్క్వాడ్రన్ (విమాన దళం) నడిపిన సీ హారియర్‌ను, అంటే నిలువునా గాల్లోకి లేవగలిగే యుద్ధ విమానాన్ని, 1/48 స్కేలులో (అసలులో 48వ వంతు) ప్లాస్టిక్ మోడల్‌గా కట్టిన క్రమం ఇది. 1983 చివర్లో గోవాలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ హంసకు వచ్చిన తొలి విమానాల రంగులు తీసుకున్నాను: పైన ముదురు బూడిద, కింద తెలుపు. ఇదే మోడల్ కట్టబోయేవాళ్లకు పనికొస్తుందని కొలతలు, ఖర్చులు, ఎక్కడ ఏం చెడిందో రాస్తున్నాను. ఎయిర్‌బ్రష్ (రంగు చిమ్మే పరికరం), దానికి గాలినిచ్చే కంప్రెసర్ ముందే ఉన్నాయి కాబట్టి వాటిని ఖర్చులో కలపలేదు.

కిట్ (మోడల్ విడి ముక్కల డబ్బా) పాత అచ్చుది, సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. బ్రిటిష్ నేవీ రకమైన ఎఫ్ఆర్ఎస్ 1 కోసం చేసినది; ఎఫ్ఆర్ఎస్ 51 మన నేవీ రకం. ప్యానెల్ గీతలు (విమానం పలకలు కలిసే చోటి గీతలు) ఉబ్బెత్తుగా ఉన్నాయి. ఇన్‌టేక్ (ఇంజనుకు గాలి వెళ్లే నోరు) తలుపులన్నీ మూసినట్టు గీతలుగా మాత్రమే ఉన్నాయి. మిసైళ్లు సైడ్‌వైండర్లు. మన విమానానికి ఈ మూడూ మారాలి.

ఇంజను ఆపి నిలబెట్టిన హారియర్‌లో కొన్ని భాగాలు వాటంతటవే ఒక స్థితికి వస్తాయి. ఇన్‌టేక్ తలుపులు బరువుకు వేలాడతాయి. ఇంజను నుంచి గాలిని బయటికి చిమ్మే నాలుగు నాజిళ్లూ ఒకే కోణంలో ఉంటాయి. ఐదు చోట్ల చక్రాలు నేలకు ఆనుతాయి. రంగు ఎంత బాగా వేసినా ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా ఆ విమానం తెలిసినవాళ్లకు ఇట్టే దొరికిపోతుంది. నా సమయంలో ఎక్కువ భాగం వీటికే పోయింది, డైరీలో చోటు కూడా వీటికే ఎక్కువ ఇచ్చాను.

దశ 1: కొలతలు, గీతలు

కత్తెర పట్టకముందు కిట్ కొలతలు సరిచూశాను. అసలు విమానం రెక్కల వెడల్పు 7.70 మీటర్లు, పొడవు 14.50 మీటర్లు. 48తో భాగిస్తే 160.4 మి.మీ., 302.1 మి.మీ. టేపుతో అతికించి కొలిస్తే కిట్ 160.0, 301.2 వచ్చింది. ఆ తేడా కంటికి ఆనదు, అందుకని ఆకారం జోలికి పోలేదు.

చక్రాల ఎత్తు, రెక్క వాలు కోసం విశాఖ బీచ్ రోడ్డులో, కురుసుర జలాంతర్గామి, టీయూ-142 విమానం మ్యూజియాలకు దగ్గర్లో ఉన్న సీ హారియర్ మ్యూజియం ఫొటోలు వాడాను. ఫొటో నుంచి కొలత తీయాలంటే దగ్గర నిలబడి తీయకూడదు. వీలైనంత వెనక్కి జరిగి, జూమ్ పెట్టి, కెమెరాను మోకాలి ఎత్తుకు దించి తీయాలి. దగ్గర నుంచి తీస్తే ఇవతలి రెక్క పెద్దదై, అవతలి చక్రం పైకి లేచినట్టు కనిపిస్తుంది. ఆ ఫొటో మీద స్కేలు పెట్టి లాభం లేదు.

ఉబ్బెత్తు గీతలు తీసి లోపలికి గీసే పని:

1. పాత గీత పక్కనే గట్టిగా ఉండే డైమో లేబుల్ టేపు అంటించాలి. మాస్కింగ్ టేపు మెత్తన, సూది దాన్ని కోసేస్తుంది.
2. పిన్ వైజ్‌లో (చేత్తో పట్టుకునే చిన్న బిగింపు పిడి) బిగించిన సూదితో, చేతి బరువు మాత్రమే వేసి, మూడుసార్లు లాగాలి. మొదటిసారే లోతుగా లాగితే సూది పక్కకు జారుతుంది.
3. గీతలు అయ్యాక 400, తర్వాత 800 వాటర్ పేపర్‌తో పాత ఉబ్బును తీసేయాలి.
4. పాత టూత్ బ్రష్‌తో పొడి దులిపి, గీతలో పల్చటి ప్లాస్టిక్ సిమెంట్ ఒక్క చుక్క పారించాలి. అంచులు నున్నబడతాయి.

ఇన్‌టేక్‌ల ఉబ్బు మీద ఈ పద్ధతి పని చేయలేదు. 9 మి.మీ. వెడల్పు టేపు వంపు మీద నిలవక లేచిపోయింది, గీత వంకర పోయింది. టేపును నిలువునా చీల్చి 3 మి.మీ. పట్టీలు చేశాక నిలిచింది. వంకర గీతల్లో ఫెవిక్విక్, టాల్కమ్ పౌడర్ కలిపిన ముద్ద నింపాను. ఈ ముద్దను గంటలోపు సాండింగ్ చేసేయాలి. రాత్రంతా వదిలేస్తే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కంటే గట్టిపడుతుంది, అప్పుడు పక్కనున్న ప్లాస్టిక్ అరిగిపోయి ముద్ద మాత్రం గుబ్బలా నిలుస్తుంది.

లోతు గురించి ఒక మాట. అసలు విమానంలో ప్యానెళ్ల మధ్య సందు 2–3 మి.మీ. అనుకున్నా, 1/48 లో అది 0.05 మి.మీ. సూది గీతే దానికి రెండు మూడింతలు ఉంటుంది. ఇంకా లోతుగా గీసి, దాన్లో నల్లరంగు నింపితే విమానం మీద పలకలు పేర్చినట్టు ఉంటుంది. నాకు అది నచ్చదు.

ఖర్చు: కిట్ 2,400 + స్క్రైబింగ్ సూదులు 450 + డైమో టేపు 120. ఇప్పటికి మొత్తం: రూ. 2,970

దశ 2: ఇన్‌టేక్ తలుపులు

ఇన్‌టేక్ చుట్టూ ఒక్కో పక్క 8 చిన్న తలుపులు ఉంటాయి. విమానం గాల్లో నిలబడినప్పుడు, నెమ్మదిగా పోతున్నప్పుడు పెగాసస్ ఇంజనుకు ముందు నోటి నుంచి వచ్చే గాలి చాలదు. లోపల పీడనం తగ్గి ఈ తలుపులు లోపలికి తెరుచుకుంటాయి. వేగం పెరిగి లోపల పీడనం ఎక్కువైతే అవే మూసుకుంటాయి. వాటిని కదిలించే మోటారు ఏదీ లేదు. అందుకే ఇంజను ఆగగానే పై తలుపులు బరువుకు లోపలికి వాలిపోతాయి, కింది తలుపులు వాటి బరువుతోనే మూసుకుని వేలాడతాయి. నిలబెట్టిన హారియర్ ఫొటో ఏది తీసుకున్నా ఇదే కనిపిస్తుంది. అన్నీ మూసి ఉన్న మోడల్ ఆ విమానాన్ని పోలదు.

కిట్‌లో ఆ చోట ప్లాస్టిక్ మందం 1.6 మి.మీ. ముందు 0.5 మి.మీ. బిట్‌తో వరసగా రంధ్రాలు వేసి, ఒక్కో తలుపును విడిగా కోయడం మొదలుపెట్టాను. తలుపుల మధ్య మిగలాల్సిన కడ్డీ వెడల్పు 0.8 మి.మీ. మాత్రమే. ఎడమ పక్క మూడో తలుపు దగ్గరకు వచ్చేసరికి రెండు కడ్డీలు విరిగాయి. అతికిస్తే నిలిచాయి కానీ ఆకురాయి తగిలితే మళ్లీ ఊడాయి. పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంది, ఆ వెడల్పులో దానికి బలం లేదు.

కాబట్టి పద్ధతి మార్చాను. విడి తలుపులు కోయడం మానేసి, పై నుంచి ఐదు తలుపుల మేర పట్టీ మొత్తం తీసేసి, కడ్డీలు కొత్తగా కట్టాను:

1. ఇన్‌టేక్ లోపలి వైపు నుంచి గుండ్రటి ఆకురాయితో మందాన్ని 1.6 నుంచి 0.7 మి.మీ.కి తగ్గించాలి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తూ ఉండాలి. ప్లాస్టిక్ అంతటా ఒకేలా మసకగా వెలిగితే మందం సమానంగా ఉన్నట్టు.
2. కోయకముందే తలుపుల గీతలను మాస్కింగ్ టేపు మీదకు పెన్సిల్‌తో దింపుకుని, ఆ టేపును దాచుకోవాలి. తర్వాత కడ్డీలు ఎక్కడ పెట్టాలో చెప్పేది అదే.
3. పట్టీని రంధ్రాల వరస వెంట కోసి, అంచుకు 0.3 మి.మీ. మిగిల్చి, ఆ మిగిలింది ఆకురాయితో తీయాలి.
4. 0.5 × 0.8 మి.మీ. ప్లాస్టిక్ పట్టీలను వేలి మీద నెమ్మదిగా వంచి, టేపు గుర్తుల దగ్గర అతికించాలి. పూర్తిగా ఆరేదాకా ముట్టుకోకూడదు.
5. తలుపులు 0.25 మి.మీ. షీటు నుంచి కోయాలి. చదును షీటు పెడితే తెలిసిపోతుంది. 10 మి.మీ. కడ్డీకి చుట్టి, వేడినీళ్లలో ముంచి, చన్నీళ్లలో పెడితే వంపు నిలుస్తుంది.
6. తలుపును ముందు అంచు దగ్గర మాత్రమే అతికించి, వెనక అంచు లోపలికి వాల్చాలి.

ఒక్కో పక్క పై నాలుగు పూర్తిగా వాలాయి, ఐదోది సగం. కింది మూడింటికి కిట్ గీతలే ఉంచాను. ఎడమ, కుడి వాలు అచ్చం ఒకేలా ఉండాలన్న పట్టింపు పెట్టుకోలేదు. బరువుకు వాలే తలుపుల్లో కాస్త తేడా ఉంటుంది.

తలుపులు తెరిచాక లోపలి గొట్టం కనిపిస్తుంది, దాంతో పాటు గొట్టంలో అతుకు గీత కూడా. ఎం-సీల్‌ను నీళ్లు తడిపిన వేలితో నింపి, సాండ్ పేపర్‌ను పెన్సిలుకు చుట్టి నున్నగా చేశాను. ఈ పని బాడీ మూయకముందే చేయాలి.

ఖర్చు: ప్లాస్టిక్ షీట్లు, పట్టీలు, రాడ్లు 850 + డ్రిల్ బిట్లు 180. మొత్తం: రూ. 4,000

దశ 3: కాక్‌పిట్, ముక్కు బరువు

కాక్‌పిట్ గురించి ఎక్కువ రాయను. కిట్ సీటు బదులు రెజిన్‌లో దొరికే మార్టిన్-బేకర్ ఎజెక్షన్ సీటు (ప్రమాదంలో పైలట్‌ను బయటికి ఎగరేసేది) కొన్నాను. పక్క ప్యానెళ్లకు పాత ఇయర్‌ఫోన్ లోపలి రాగి తీగలు, 0.25 మి.మీ. షీటు ముక్కలు సరిపోయాయి. కానోపీ (కాక్‌పిట్ అద్దపు మూత) వెనక్కి జారిన స్థితిలో పెట్టాను, లేకపోతే ఈ పనేదీ కనిపించదు.

ఎడమ పక్క థ్రాటిల్ దగ్గర నాజిల్ లీవర్ పెట్టడం మాత్రం మరవొద్దు. మామూలు జెట్ ఫైటర్‌లో లేని లీవర్ అది. పైలట్ నాలుగు నాజిళ్లనూ కలిపి తిప్పేది దాంతోనే. 0.3 మి.మీ. తీగ, చివర తెల్ల జిగురు చుక్క.

కానోపీ అద్దం మీద మెలికలు తిరిగిన సన్న గీత ఉంటుంది. పైలట్ ఎజెక్ట్ అయ్యేటప్పుడు అద్దాన్ని ముందే పగలగొట్టే పేలుడు తీగ అది. కిట్‌లో లేదు. పారదర్శక డెకాల్ (నీళ్లలో తడిపి అంటించే బొమ్మ) కాగితం మీద లేత బూడిద గీతగా ప్రింటు తీసి లోపలి వైపు అంటించాను. బ్రష్‌తో గీసిన గీత ఎంత సన్నగా ఉన్నా మందంగానే కనిపించింది, తుడిచేశాను. కానోపీ దగ్గర ఫెవిక్విక్ వాడకండి, దాని ఆవిరికి అద్దం మసకబారుతుంది. తెల్ల జిగురు చాలు.

ముక్కు బరువు ఎంత కావాలో అంచనాతో కాకుండా ఇలా తేల్చాను. భాగాలన్నీ టేపుతో అతికించి, మధ్య చక్రాల కాలు వచ్చే చోట కింద పెన్సిల్ అడ్డంగా పెట్టి, రేడోమ్‌లో (విమానం ముక్కు చివరి టోపీ) కొంచెం కొంచెంగా సీసం వేస్తూ పోయాను. 14 గ్రాముల దగ్గర ముక్కు కిందికి వాలింది. వెనక నాజిళ్లు, రంగు, డెకాల్స్ ఇంకా రావాలి కనుక 18 గ్రాములు పెట్టాను.

సీసం కోసం హాబీ షాపు అక్కర్లేదు. ఫిషింగ్ హార్బర్ దగ్గర వలల సామాను అమ్మే కొట్లో గుండ్లు దొరుకుతాయి. “వలకా బాబూ, గేలానికా?” అని అడిగారు కొట్టాయన. ఆ తేడా మనకూ ముఖ్యమే. వల గుండ్లకు మధ్యలో పెద్ద బెజ్జం ఉంటుంది, అవి చోటు తింటాయి. గేలం గుండ్లు చిన్నవి, నిండు సీసం. రేడోమ్‌లో గేలం గుండ్లే పట్టాయి. సుత్తితో చదును చేసి ఎపాక్సీతో అతికించాను. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పొడి అయ్యేలా ఆకురాయి పెట్టొద్దు.

బరువు: టేపుతో 94 గ్రాములు, సీసంతో 112 గ్రాములు.
ఖర్చు: సీటు 650 + సీసం 20 + ఎపాక్సీ 60. మొత్తం: రూ. 4,730

దశ 4: రెక్క, ఐదు చక్రాలు

హారియర్ కాళ్ల అమరిక వేరు. ముక్కు కింద ఒక చక్రం, బాడీ మధ్యలో జంట చక్రాలు, రెక్కల చివర్ల దగ్గర ఒక్కో చిన్న చక్రం. బరువంతా ముందు, మధ్య చక్రాల మీదే పడుతుంది. రెక్క చక్రాలు పిల్లల సైకిల్‌కు పక్కన బిగించే చిన్న చక్రాల్లా, పక్కకు ఒరగకుండా ఆపడానికి. మోడల్‌లో చిక్కంతా ఇక్కడే. నాలుగు కాళ్ల స్టూలే గచ్చు మీద ఒక్కోసారి ఊగుతుంది, ఇక్కడ నేలకు ఆనాల్సిన చోట్లు ఐదు.

కిట్ చెప్పినట్టు కాళ్లన్నీ అతికించకుండా, ముందు టేపుతో నిలబెట్టి అద్దం పలక మీద పెట్టాను. ఎడమ చక్రం ఆనింది. కుడి చక్రం కింద ఏ4 కాగితాలు పెడుతూ పోతే 14 పట్టాయి. ఒక కాగితం మందం దాదాపు 0.1 మి.మీ., అంటే 1.4 మి.మీ. ఖాళీ. ఫీలర్ గేజ్ లేనివాళ్లకు కాగితాలే గేజ్.

కుడి కాలును 1.4 మి.మీ. పొడిగించడం సులువే కానీ అది తప్పు మరమ్మతు అవుతుంది. ముందు కారణం తెలియాలి. రెక్క చివర్ల ఎత్తు అద్దం నుంచి కొలిస్తే కుడిది ఎడమదానికంటే 1.6 మి.మీ. పైన ఉంది. కాళ్ల పొడవులో తేడా 0.2 మాత్రమే. కిట్‌లో పై రెక్క మొత్తం ఒకే ముక్క. ఏళ్ల తరబడి డబ్బాలో నొక్కుకుని కుడి పక్క వాలు కొంత పోయింది. హారియర్ రెక్కలు చివర్లకు కిందికి వాలి ఉండాలి.

రెక్కను సరిచేసిన పద్ధతి:

1. ఎడమ రెక్క వాలును అట్ట మీద గీసి, ఆ అట్టను తిరగేస్తే కుడి రెక్కకు కొలత అవుతుంది.
2. ఫోమ్ బోర్డు నుంచి ఆ వాలుకు తగ్గట్టు రెండు అడ్డాలు కోసి పీట చేయాలి.
3. రెక్కను 65–70 డిగ్రీల నీళ్లలో నిమిషం ఉంచాలి. మరుగుతున్న నీళ్లలో వేస్తే వెనక అంచు అలలు పోతుంది.
4. తీసిన వెంటనే పీట మీద టేపుతో కట్టి, చన్నీళ్లు పోయాలి.

వదిలాక ప్లాస్టిక్ కొంత వెనక్కి లేచింది, 0.6 మి.మీ. తేడా మిగిలిపోయింది. పీట వాలును అవసరమైన దానికంటే ఒక డిగ్రీ ఎక్కువ చేసి మళ్లీ వేడి చేశాక తేడా 0.1 కి దిగింది, అంటే ఒక కాగితం. రెక్కలో కింది ముక్క అతికించేటప్పుడు కూడా పీట మీదే ఉంచాను. సిమెంట్ ఆరేటప్పుడు ప్లాస్టిక్‌ను లాగుతుంది, పీట లేకపోతే పడ్డ శ్రమ పోతుంది.

కాళ్లు అతికించిన వరస:

1. మధ్య కాలు. బాడీకి నిలువుగా ఉందో లేదో ముందు నుంచి, పక్క నుంచి మూలమట్టంతో చూడాలి. పూర్తిగా గట్టిపడే వరకు ఆగాలి.
2. ముక్కు కాలు. విమానం ముక్కు ఎంత ఎత్తుగా ఉంటుందో నిర్ణయించేది ఇదే, కనుక మ్యూజియం ఫొటోతో పోల్చి ఎత్తు సరిచేశాను. 18 గ్రాముల సీసం దీని మీద ఉంటుంది. లోపల 0.8 మి.మీ. ఇత్తడి పిన్ను దింపాను.
3. రెక్క చివర్ల ఎత్తు మళ్లీ కొలవాలి. ఇక్కడ తేడా ఉంటే తప్పు మధ్య కాలిది, రెక్క చక్రాలది కాదు.
4. రెక్క చక్రాల కాళ్లకు పైన ఇత్తడి పిన్ను పెట్టి, రెక్కలోని రంధ్రాన్ని పిన్ను కంటే 0.4 మి.మీ. పెద్దది చేయాలి. నిదానంగా ఆరే ఎపాక్సీ వేసి, మోడల్‌ను అద్దం మీద నిలబెట్టి వదిలేయాలి. పిన్ను రంధ్రంలో పైకీ కిందికీ జరగగలదు కాబట్టి చక్రాలు తమ బరువుకే అద్దాన్ని ఆనుకుంటాయి.

నాలుగో అడుగులో మొదట ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ వాడాను. కుడి పక్క సరిచేస్తుండగానే ఎడమ పక్క బిగుసుకుంది. వేడి సూదితో పిన్ను లాగి, నిదానంగా ఆరే రకానికి మారాను. తర్వాత కాగితం పరీక్షలో ఎడమ చక్రం కింద సున్నా, కుడి కింద ఒకటి వచ్చింది. అది చాలు.

టైర్ల సంగతి. మధ్య జంట చక్రాలు, ముక్కు చక్రం కింద 0.3 మి.మీ. సాండ్ చేసి బరువుకు నొక్కుకున్నట్టు చదును చేశాను. రెక్క చక్రాలకు అలా చేయకూడదు. వాటి మీద బరువు ఉండదు.

ఖర్చు: ఇత్తడి రాడ్లు 140 + ఫోమ్ బోర్డు 60. మొత్తం: రూ. 4,930

దశ 5: నాజిళ్లు

అసలు విమానంలో నాలుగు నాజిళ్లూ షాఫ్టులు, చెయిన్లతో ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఒకటి ఒక కోణంలో, ఇంకొకటి ఇంకో కోణంలో ఉండటం జరగదు. కిట్‌లో నాలుగూ విడివిడిగా పిన్నుల మీద తిరుగుతాయి, రంగు వేసేటప్పుడు చెయ్యి తగిలితే చాలు జరిగిపోతాయి. పిన్నులు కోసేసి, స్థిరంగా అతికించేశాను.

కోణం సరిచూడటానికి అట్టలో ఒక గేజ్ కోశాను. దాని పై అంచు రెక్క కింది ప్యానెల్ గీత వెంట పెడితే, కింది అంచు నాజిల్ నోటికి సమాంతరంగా రావాలి. నాలుగింటికీ అదే గేజ్. కంటితో సరిగ్గా ఉందనుకున్న కుడి వెనక నాజిల్ గేజ్ పెడితే నాలుగు డిగ్రీలు వాలి ఉంది.

రంగులో ముందు జత, వెనక జత వేరు. ముందు నాజిళ్ల నుంచి వచ్చేది ఫ్యాన్ గాలి, వాటికి విమానం రంగే. వెనకవి ఇంజను వేడి వాయువులు వదిలేవి, అవి కాలిన లోహం రంగు. వెనక నాజిళ్ల వెంబడి బాడీ మీద వేడి తట్టుకునే లోహపు పలక ఉంటుంది, దానికి బూడిద రంగు వేయకూడదు. ముదురు స్టీలు మీద చాలా పల్చగా గోధుమ, తర్వాత నీలం ఆవిరిలా కొట్టాను. మసి నలుపు వద్దు.

ఈ దశకు కొత్త ఖర్చు లేదు.

దశ 6: రంగు, విశాఖ తేమ

పై రంగు ఎక్స్‌ట్రా డార్క్ సీ గ్రే, బ్రిటిష్ స్టాండర్డ్ 381సి లో 640 నంబరు. డబ్బాలోంచి నేరుగా కొడితే చిన్న మోడల్ మీద దాదాపు నల్లగా కనిపిస్తుంది. తెలుపు కలిపి మూడు నమూనాలు ప్లాస్టిక్ చెంచాల మీద వేశాను: 5, 10, 15 శాతం. ఎండలో చూస్తే 10 బాగుంది. 15లో నీలం పోయి సిమెంట్ రంగు వచ్చింది.

వరస: బూడిద ప్రైమర్, కింద తెలుపు, మాస్కింగ్, పైన ముదురు బూడిద. తెలుపును ఒకేసారి నిండుగా కొట్టొద్దు. పల్చని పొరలు, మధ్యలో పావుగంట. మూడో పొర దాకా మచ్చలుగానే ఉంటుంది, కంగారు పడక్కర్లేదు.

చెడింది గ్లాస్ క్లియర్ (పైన వేసే మెరిసే పారదర్శక పూత) దగ్గర. ల్యాకర్ క్లియర్ కొట్టిన పది నిమిషాల్లో పైభాగమంతా తెల్లటి మసక పరుచుకుంది. కింద తెలుపు మీద కనిపించలేదు, ముదురు బూడిద మీద మాత్రం బూజు పట్టినట్టు తేలింది. కారణం తేమ. ల్యాకర్ థిన్నర్ వేగంగా ఆవిరై ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ సన్నని నీటి బిందువులై పొరలో చిక్కుకుంటుంది. హైగ్రోమీటర్ (తేమ కొలిచే మీటరు) కొని పెడితే బాల్కనీలో 84 శాతం చూపించింది. సముద్రం పక్క ఊళ్లలో కట్టేవాళ్లు ఈ మీటరు ముందే కొనుక్కుంటే మేలు.

సాండింగ్ చేయకుండానే దీన్ని రక్షించవచ్చు:

1. నిదానంగా ఆరే రిటార్డర్ థిన్నర్ ఒక్కటే, రంగు కలపకుండా, తక్కువ ప్రెషర్‌తో మంచులా కొట్టాలి. పొర మెత్తబడి, లోపలి తేమ బయటికి పోతుంది.
2. తడి మెరుపు రాగానే ఆపాలి. ఇంకొంచెం కొడితే కింది బూడిద రంగు కూడా కరిగి కదులుతుంది.
3. ఏసీ గదిలో ఆరనివ్వాలి.

తొంభై శాతం మసక పోయింది. రెక్క మొదట్లో ఎడమ పక్క కొంచెం మిగిలితే అక్కడ మళ్లీ కొట్టాను. ఆ తర్వాత నుంచి గది తేమ 55 శాతం కంటే కిందికి వచ్చాకే క్లియర్ ముట్టుకున్నాను. మధ్యాహ్నం, ఏసీ గంటసేపు నడిచాక. స్ప్రే చేసేటప్పుడు కిటికీ దగ్గర ఎగ్జాస్ట్ ఫ్యాన్, మూతికి ఫిల్టర్ మాస్క్ తప్పవు. కంప్రెసర్ మాయిశ్చర్ ట్రాప్‌లో నీరు కూడా పని మధ్యలో వదలాలి. నిండితే ఎయిర్‌బ్రష్ నుంచి నీటి చుక్కే వచ్చి పడుతుంది.

ఖర్చు: ప్రైమర్ 520 + రంగులు 960 + క్లియర్ 480 + రిటార్డర్ థిన్నర్ 610 + హైగ్రోమీటర్ 390. మొత్తం: రూ. 7,890

దశ 7: గుర్తులు, మిసైళ్లు

మన నేవీ గుర్తులు కిట్‌లో లేవు, ప్రింటు తీయాలి. సాధారణ ప్రింటర్ తెలుపును అచ్చు వేయలేదు. పారదర్శక డెకాల్ మీద కాషాయం నేరుగా ముదురు బూడిద పైన పడితే ఇటుక రంగుకు దిగిపోతుంది. తెల్ల డెకాల్ కాగితం వాడితే అంచున తెల్ల గీత మిగులుతుంది. రెండూ ఒక రెక్క ముక్క మీద వేసి చూశాను, రెండూ పనికిరాలేదు.

పని చేసింది ఇది: రౌండెల్ (విమానం మీది గుండ్రటి జాతీయ గుర్తు) పెట్టే చోట సర్కిల్ కట్టర్‌తో కోసిన మాస్క్ పెట్టి, తెల్ల వలయం స్ప్రే చేశాను, డెకాల్ కంటే 0.2 మి.మీ. చిన్నదిగా. దాని మీద పారదర్శక డెకాల్. బయట కాషాయం, మధ్య తెలుపు, లోపల ఆకుపచ్చ నిక్కచ్చిగా వచ్చాయి. 300 స్క్వాడ్రన్ చిహ్నమైన తెల్లపులికీ ఇదే దారి: తెల్ల ఆకారం మాస్క్‌తో, నల్ల చారలు డెకాల్‌తో. ఇంక్‌జెట్ ప్రింటు అయితే నీళ్లలో వేసే ముందు క్లియర్ రెండు పొరలు కొట్టాలి, లేకపోతే రంగు కరిగిపోతుంది. నేను లేజర్ ప్రింటు తీయించాను.

మిసైళ్లు. ఎఫ్ఆర్ఎస్ 51 కి బ్రిటిష్ వాళ్లు వాడిన అమెరికా సైడ్‌వైండర్ కాదు, ఫ్రాన్స్ మాట్రా మ్యాజిక్. అది పొడవు 2.72 మీటర్లు, మందం 157 మి.మీ. స్కేలులో 56.7, 3.3 మి.మీ. సైడ్‌వైండర్ మందం 127 మి.మీ. కాబట్టి కిట్ మిసైల్‌కు రెక్కలు మార్చి సరిపెట్టడం కుదరదు, సన్నగా ఉంటుంది. 3.2 మి.మీ. రాడ్‌ను పిన్ వైజ్‌లో తిప్పుతూ ముక్కు గుండ్రంగా అరగదీశాను. ముందు భాగంలో కదలని చిన్న రెక్కలు నాలుగు, వాటి వెనకే కదిలే రెక్కలు నాలుగు, తోక దగ్గర నాలుగు, ఒక్కో మిసైల్‌కు పన్నెండు. 0.25 షీటులో ఒకేసారి పేర్చి కోస్తే సమానంగా వస్తాయి. అతికించేటప్పుడు రాడ్ చివర గళ్ల కాగితం మీద నిలబెట్టి, గీతల వెంట రెక్కలు సరిచూడాలి. మ్యాజిక్ వెనక రెక్కలు ఒక గొట్టం మీద స్వేచ్ఛగా తిరుగుతాయి, అందుకని ముందు రెక్కలతో వరస కలవకపోయినా ఫరవాలేదు. రెండింట్లో ఒకదానికి కావాలనే కొంచెం తిప్పి పెట్టాను.

ఖర్చు: డెకాల్ కాగితం 280 + సెట్టింగ్ ద్రవం (డెకాల్‌ను మెత్తబరిచి అతుక్కునేలా చేసేది) 540 + ప్రింటు 40. మొత్తం: రూ. 8,750

బరువు: కాళ్లు, రెక్కల కింది ఇంధన ట్యాంకులు, మిసైళ్లు, రంగుతో 126 గ్రాములు. అద్దం మీద కాగితం పరీక్ష మళ్లీ చేశాను. ఎడమ సున్నా, కుడి ఒకటి. రంగు పొరల వల్ల మారలేదు.

ఇంకా మిగిలింది

- బాడీ కింది ఎయిర్‌బ్రేక్ పలకకు కీలు దగ్గర 0.4 మి.మీ. సందు ఉంది. 0.25 షీటు ముక్క పెట్టి పూడ్చాలి, రంగు మళ్లీ తెలుపే.
- ముక్కు చివరి పిటాట్ గొట్టం (గాలి వేగం కొలిచేది) కిట్‌లో మందంగా ఉంది. ఇన్సులిన్ సూది కోసి పెట్టాలి. అన్నిటికంటే చివర్న, లేకపోతే చెయ్యి తగిలి వంగుతుంది.
- ఎడమ ట్యాంకు మీద స్టెన్సిల్ డెకాల్ ఒక మూల లేచింది. సెట్టింగ్ ద్రవం మళ్లీ వేసి చూడాలి, దిగకపోతే ఆ అక్షరం వరకు కోసి కొత్తది పెట్టాలి.